ఇరవై ఐదు తిప్పులు

పంతొమ్మిది వందల తొంభై ఐదో సంవత్సరం, ఆగస్టు పదిహేడో తేదీ, గురువారం. స్థలం: సారంగివలస జూట్ మిల్లు, పరిపాలనా భవనంలోని సమావేశపు గది. హాజరైనవారు: యాజమాన్యం తరఫున మేనేజింగ్ డైరెక్టరు శ్రీ ఉదయభాస్కర్, ఛీఫ్ అకౌంటెంటు శ్రీ శేషావతారం, కార్మికుల తరఫున యూనియన్ కార్యదర్శి శ్రీ పొట్నూరి జగ్గారావు, నార ఏరే షెడ్డు ప్రతినిధి శ్రీమతి గేదెల అసిరమ్మ, మధ్యవర్తిగా జిల్లా లేబర్ ఆఫీసరు శ్రీ ఖలీలుల్లా, లెక్క తిప్పడానికి వేతనాల విభాగం గుమస్తా కుమారి సలోమి.

మినిట్స్‌లో ఉన్న పేర్లు ఇవే. తలుపు దగ్గర గోడకు ఆనుకొని నిలబడ్డ షెడ్డు ఆడవాళ్ల పేర్లు అందులో లేవు. వారు పదిమందికి పైగానే ఉన్నారు. బల్ల నడిమధ్యన, అందరి ఎదుట, గోనె గలీబు తీసి కూర్చోబెట్టిన నా పేరు కూడా లేదు.

నేను ఒక లెక్కల యంత్రాన్ని. కరెంటు అక్కరలేనిదాన్ని; కుడి పక్కన పిడి, ముందు అంకెల మీటలు, పైన రెండు వరుసల చిన్న కిటికీలు ఉన్నదాన్ని. ఆ సమావేశం జరిగిన నెల తిరగకముందే నన్ను తుక్కు జాబితాలో చేర్చి, తూకం షెడ్డు వెనుక విరిగిన మగ్గాల ఇనుము మీద పడవేశారు. వచ్చే వేలంలో కిలోల లెక్కన పోతాను. దానికి నాకేమీ చింత లేదు. ఇనుముకు చివరికి పట్టే గతి అదే. కాని జాబితాలో నా పేరు పక్కన ‘లెక్కకు పనికిరాదు’ అని రాశారు. ఆ మాటను నేను ఒప్పుకోను. నేను లెక్కకు పనికివచ్చినందువల్లనే ఇక్కడికి వచ్చాను.

నా పుట్టుక మద్రాసు శివారులోని ఒక కర్మాగారంలో. నా పళ్లచక్రాలను అరగదీసినవారు, స్ప్రింగులు బిగించినవారు, నూనె పెట్టి పరీక్షించినవారు ఎవరో నాకు తెలియదు. వారి పేర్లు నా మీద చెక్కలేదు. కంపెనీ పేరు మాత్రం పెద్ద అక్షరాలతో చెక్కారు. లోకం తీరు గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

నాకు తెలిసిన పనులు రెండే: కలపడం, తీయడం. పిడిని ముందుకు తిప్పితే కలుపుతాను, వెనక్కి తిప్పితే తీస్తాను. మీరు గుణకారం అనేది నాకు పదే పదే కలపడం. మీరు భాగహారం అనేది నాకు పదే పదే తీయడం. బడిలో పిల్లలకు భాగహారాన్ని పళ్ల పంపకంగా నేర్పుతారని విన్నాను. ఆ పళ్లు ఎవరి బుట్టలో నుంచి వచ్చాయో ఆ పాఠంలో ఉండదట. నా దగ్గర అంత మర్యాద లేదు. ఎవరికైనా పంచాలంటే ముందు ఒకచోట నుంచి తీయాలి. ఎన్నిసార్లు తీశానో ఒక వరుస కిటికీలు చూపిస్తాయి. తీయగా ఎంత మిగిలిందో రెండో వరుస చూపిస్తుంది. ఉన్నదానికి మించి తీయబోతే నా లోపల చిన్న గంట ఒకటి మోగుతుంది. అప్పుడు పిడిని ఒక తిప్పు ముందుకు తిప్పి, ఎక్కువ తీసినదాన్ని తిరిగి పెట్టేయాలి. నా శాస్త్రమంతా ఇంతే.

నన్ను మొదట కొన్నది నాగావళి కాలువల ఆఫీసు. అక్కడ ఒక ఇంజనీరు ఉండేవాడు. తవ్విన మట్టి ఎంతో, బిల్లు పెట్టిన మట్టి ఎంతో నా మీద తిప్పి చూసేవాడు. జవాబు నచ్చకపోతే మళ్లీ తిప్పేవాడు. మూడోసారి కూడా అదే అంకె వస్తే, నాకు నూనె తక్కువైందని మెకానిక్కును పిలిపించేవాడు. నా మీద అంత శ్రద్ధ చూపినవారు తరువాత మరొకరు లేరు. కొన్నాళ్లకు ఆయనా బదిలీ అయ్యాడు, నేనూ వేలంలో బదిలీ అయ్యాను. అలా సారంగివలస మిల్లుకు వచ్చాను.

మిల్లులో నా పని వారం వారం కూలి లెక్క కట్టడం. ఆ రోజుల్లో నేతగాళ్ల కూలి నేసిన గజాల మీద ఉండేది. ఆఫీసు లెక్క ఒకటి, మగ్గం దగ్గరి లెక్క ఒకటి. ప్రతి శనివారం గొడవే. అరవై ఎనిమిదిలో ఆ గొడవ ముదిరి మిల్లు మూతపడింది. చివరికి రాజీ కుదిరినప్పుడు, అప్పటి మేనేజరు, అప్పటి కార్మిక నాయకులు కలిసి ఒక పద్ధతి రాసుకున్నారు. వివాదంలో ఉన్న ఏ లెక్కనైనా రెండు పక్షాలూ కూర్చున్న బల్ల మీద, అందరూ వింటుండగా, యంత్రం మీద తిప్పాలి. తిప్పిన ప్రతి లెక్కనూ మినిట్స్‌లో రాయాలి. ఒక పక్షం ఒక లెక్క తిప్పిస్తే రెండో పక్షానికి కూడా ఒక లెక్క తిప్పించుకునే హక్కు ఉంటుంది.

కార్మికులు ఈ పద్ధతిని ఎందుకు పట్టుబట్టి సాధించారో ఆఫీసువాళ్లకు చాలాకాలం అర్థం కాలేదు. కాగితం మీది లెక్క నిశ్శబ్దంగా జరుగుతుంది; నా లెక్క చప్పుడు చేస్తుంది. పిడి తిరిగిన ప్రతిసారీ వచ్చే ఆ కటకట శబ్దాన్ని చదువు లేనివారు సైతం వేళ్ల మీద లెక్కించుకోగలరు. ‘తిప్పిన లెక్క’ అంటే సారంగివలసలో ఇక వాదన లేని లెక్క అని అర్థం. పెళ్లి మాటల్లో కూడా ఆ మాట వాడేవారట.

తొంభై ఒకటిలో కంప్యూటరు వచ్చింది. దానికి ఒక చల్లని గది, ఒక ప్రత్యేక గుమస్తా, ఒక దీపారాధన. నన్ను ఇనుప బీరువా పైకి ఎక్కించారు. ఇరవై ఏళ్లకు పైగా నన్ను తిప్పిన సలోమి మాత్రం మిల్లు గోనెతోనే గలీబు కుట్టి నా మీద కప్పింది. కంప్యూటరు కొట్టి ఇచ్చే జీతం చీటీల్లో కోతలు ఎందుకు పడుతున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. అడిగితే ‘సిస్టం అలా చూపిస్తోంది’ అనేవారు. అందుచేత పాత పద్ధతిని వదులుకోవడానికి యూనియన్ ఒప్పుకోలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు నన్ను కిందికి దించేవారు.

ఇక ఆ గురువారం సంగతి.

నార ఏరే షెడ్డులో గోగునార బేళ్లను విప్పి, దులిపి, మంచిదాన్నీ ముతకదాన్నీ వేరుచేస్తారు. అక్కడి గాలిలో దుమ్ము తెరలా వేలాడుతుంది. నూట అరవై మంది పని చేస్తారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. మిల్లు పుట్టినప్పటి నుంచి అక్కడ ఒక ఆచారం ఉంది: షిఫ్టు సగంలో మనిషికి ఒక అనకాపల్లి బెల్లం ముక్క. దిమ్మను కొడవలితో కోసి చేతిలో పెడతారు. బెల్లం గొంతులోని దుమ్మును దించుతుందని వారి నమ్మకం. డాక్టర్లు అవునని అనరు. కాదని చెప్పడానికి ఏ డాక్టరూ ఆ షెడ్డులో ఒక పూట నిలబడి చూడలేదు. నాకు వైద్యం తెలియదు. కాని ముక్క తిన్నవారు షిఫ్టు చివరిదాకా నిలబడేవారు. దగ్గు ఆగక మధ్యలో బయటికి వచ్చినవారికి ఆ రోజు కూలి సగమే పడేది. బెల్లం విలువ ఆ మిగతా సగం.

ఆ జూన్‌లో నోటీసు బోర్డు మీద పొదుపు చర్యల ప్రకటన అంటించారు. బెల్లం పంపిణీ ఆపడం వల్ల కంపెనీకి సంవత్సరానికి ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందల రూపాయలు ఆదా అవుతుందని శేషావతారం గర్వంగా లెక్క కట్టి అందులో రాశాడు. మనిషికి రోజుకు ఎనభై పైసల బెల్లం, నూట అరవై మందికి, మూడు వందల పని దినాలకు. లెక్క తప్పేమీ లేదు. ఆ ప్రకటన అంటించిన రెండు నెలల్లో అసిరమ్మ ఎన్నోసార్లు షిఫ్టు మధ్యలో బయటికి వచ్చింది. ఆమెకు యాభై దాటాయి. పని ఉన్నప్పుడే పిలిచే బదిలీ కూలీల జాబితాలో పడితే మళ్లీ పిలుపు ఎప్పుడో తెలియదు. ఆ రోజు ఆమె వచ్చింది బెల్లం తిరిగి ఇప్పించుకోవడానికి. అంతకు మించి ఆమెకు ఏ కోరికా లేదు.

చర్చ మామూలుగానే మొదలైంది. నార ధర పెరిగిందనీ, ప్లాస్టిక్ సంచుల పోటీ వచ్చిందనీ, ఇది చెయ్యి బిగబట్టవలసిన కాలమనీ శేషావతారం వివరించాడు. బెల్లం అలవాటే తప్ప మందు కాదని కూడా అన్నాడు. ఆ మీదట అసిరమ్మ వైపు చూసి, నవ్వుతూనే, “అడ్డపొగ తాగే గొంతుకి దుమ్మొక లెక్కటమ్మా?” అన్నాడు.

“సుట్ట నా డబ్బులెట్టి కొనుక్కుంతాను బాబూ,” అంది అసిరమ్మ. “దుమ్ము మీది.”

తలుపు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఖలీలుల్లా తల వంచుకొని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

అప్పుడు జగ్గారావు కంపెనీ వార్షిక నివేదిక తీశాడు. యూనియన్ పేరిట పది షేర్లు ఉండేవి, ఆ పుస్తకం టపాలో రావడానికే కొన్నవి. అందులో అచ్చయిన సంగతే చదివాడు: మేనేజింగ్ డైరెక్టరు గారి వేతనం నిరుడు రెండు లక్షల నలభై వేలు, ఈ ఏడు పన్నెండు లక్షలు. ముప్ఫై ఎనిమిది వేల దగ్గర చెయ్యి బిగబట్టిన కంపెనీ ఈ ఒక్కచోట ఎలా విప్పిందో తెలుసుకోవాలని ఉందన్నాడు.

ఉదయభాస్కర్ ముఖంలో మార్పు లేదు. ఆయన చెడ్డమనిషి కాడు. అందరినీ గారు చేర్చి పిలుస్తాడు, ఎవరి మీదా గొంతు పెంచడు. సమాధానం ఆయన చెప్పవలసిన అవసరం కూడా లేకపోయింది. శేషావతారానికి ఆ ప్రశ్న ఎదురుచూసిన విందులా తోచింది.

“అయ్యగారి జీతం మొత్తం మీకే పంచేద్దామయ్యా జగ్గారావూ, నీ ముచ్చట నేనెందుకు కాదనాలి? సలోమీ, తిప్పమ్మా. పన్నెండు లక్షలు, మిల్లు మొత్తం పదహారు వందల మందికి.”

సలోమి ఒక్క క్షణం ఆగి ఆయన వైపు చూసింది. అంకెలు పెట్టి తిప్పింది. మనిషికి సంవత్సరానికి ఏడు వందల యాభై రూపాయలు. దాన్ని మూడు వందల పని దినాలకు తిప్పించాడు. రోజుకు రెండు రూపాయల యాభై పైసలు.

“రెండున్నర!” అన్నాడు శేషావతారం కుర్చీలో వెనక్కి వాలుతూ. “ఒక టీ, ఒక బజ్జీ. ఈయన జీతంలో పైసా మిగల్చకుండా ఊడ్చేసినా మీకొచ్చేది ఇదీ.”

ఈ వాదన నాకు కొత్త కాదు. పెద్ద జీతాల ప్రస్తావన వచ్చినచోటల్లా ఎవరో ఒకరు ఈ భాగహారాన్ని బయటికి తీస్తారు. తలకు ఇంతేనా అని నవ్విస్తారు. జవాబులో దోషం ఉండదు. నేను తిప్పితే దోషం ఉండదు కూడా. అయితే ఆ లెక్కకు ఒక స్వభావం ఉంది, దాన్ని తిప్పించేవారు గమనించరు. అంకెను చిన్నది చేయాలన్న తొందరలో దాన్ని సంవత్సరం నుంచి రోజుకు, లక్షల నుంచి పైసలకు దించుకుంటూ వస్తారు. దించి దించి, చివరికి ఎవరు పైసల్లో బతుకుతున్నారో వారి గుమ్మం ముందు దింపుతారు. పన్నెండు లక్షలంటే ఎంతో గోడ దగ్గరి ఆడవాళ్లకు ఊహకు అందదు. రెండున్నర రూపాయలంటే ఎంతో వారికి బాగా తెలుసు.

“మూడు బెల్లం ముక్కలొచ్చీనివే,” అని వారిలో ఒకామె పక్కామెతో అంది. గుసగుసగానే అంది గాని గదిలో అందరికీ వినిపించింది.

శేషావతారం చేసిన రెండో పొరపాటు అంతకంటె పెద్దది. సారంగివలస ఆఫీసులో పుట్టి పెరిగినవాడు మాత్రమే చేయగలిగినది. నన్ను అంతకాలంగా ఆఫీసు సామానుగానే చూసి చూసి, నేను ఏ ఒప్పందం కింద ఆ బల్ల మీదికి వచ్చానో మరిచిపోయాడు. ఖలీలుల్లా కలం తీసి రాసుకుంటున్నాడు.

“అది సరదాకి తిప్పించానండి, రాయకండి,” అన్నాడు శేషావతారం.

“బల్ల మీద తిప్పింది రాయాల్సిందేనండీ. అరవై ఎనిమిది ఒప్పందం మీదేగాని నాది కాదు గదా,” అన్నాడు ఖలీలుల్లా మెల్లగా. “యాజమాన్యం కోరిక మీద ఒక లెక్క. ఇప్పుడు వాళ్ల వంతు.”

కార్మికులు ఆ రోజు లెక్క తిప్పించుకోవాలని రాలేదు. ఏ లెక్క అడగాలో వారికి సిద్ధంగా లేదు. జగ్గారావు, అసిరమ్మ తలలు దగ్గర పెట్టుకొని మాట్లాడుకున్నారు. బల్ల మీద ఉన్నదాన్ని కాబట్టి నాకు వినపడింది. జగ్గారావు కళ్లు మెరుస్తున్నాయి. షెడ్డు మనిషికి ఏడాదికి వచ్చేది పన్నెండు వేలు. అంటే ఎండీ గారి ఒక్క ఏడాది జీతం సంపాదించడానికి షెడ్డు మనిషి వంద సంవత్సరాలు పని చేయాలి. ఆ వందను తిప్పిస్తే మర్నాటికి జిల్లా అంతా మార్మోగుతుందని అతని ఉత్సాహం.

“నూరేళ్లు ఎవులు బతికీసినారు తమ్ముడా,” అంది అసిరమ్మ. “గోడ మీద రాసుకోడానికి బాగుంతాది. నాను రేపు పొద్దున్న షెడ్డుకెల్లాల. బెల్లం తిప్పించు.”

“బెల్లం దేంట్లోంచి తిప్పిస్తామప్పా?”

“ఈ బాబుకి ఈయేడు ఎంత పెరిగిందో అందులోంచి. మా బెల్లం ఎన్నేళ్లకి వచ్చీదో సూద్దారి.”

జగ్గారావు తన వందేళ్లను వదులుకోవడానికి కొంచెం కష్టపడ్డాడు. వక్తలకు గుండ్రటి అంకెల మీద ఉండే ప్రేమ నాకు తెలుసు. అయినా లేచి, ఆమె చెప్పినట్టే అడిగాడు. ఎండీ గారి వేతనంలో పెరిగిన తొమ్మిది లక్షల అరవై వేల నుంచి, నోటీసు బోర్డు మీద శేషావతారం గారే రాసిన ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందలు.

సలోమి అంకెలు పెట్టింది. ఇటువంటి లెక్కలో చెయ్యి తిరిగినవారు కిటికీలున్న నా బండిని పక్కకు జరిపి, పదుల స్థానంలో రెండు తిప్పులు, ఒకట్ల స్థానంలో ఐదు తిప్పులు తిప్పి, చెంగు సర్దుకునేలోగా ముగించేస్తారు. ఆమె చెయ్యి అలవాటు చొప్పున బండి మీదికి వెళ్లింది.

“పక్కకి జరపకమ్మా,” అంది అసిరమ్మ. “ఒక్కోటీ తిప్పు. ఒక్కో ఏడూ మేం సూడాల.”

కాలం వృథా అని శేషావతారం అభ్యంతరం చెప్పాడు. ఎలా తిప్పినా జవాబు ఒక్కటే అయినప్పుడు, తిప్పించుకునేవారి ఇష్టానికి వదిలేద్దామని ఖలీలుల్లా అన్నాడు.

సలోమి పిడి వెనక్కి తిప్పింది. తొమ్మిది లక్షల అరవై వేలు ఉన్న కిటికీలు కదిలి తొమ్మిది లక్షల ఇరవై ఒక్క వేల ఆరు వందల దగ్గర ఆగాయి. “ఒకటి,” అన్నారు గోడ దగ్గరివారు. ఇంకో తిప్పు. “రెండు.” మొదట ఇద్దరు ముగ్గురే అన్నారు. ఐదో తిప్పుకు అందరూ కలిశారు. నా కటకట శబ్దం, వారి గొంతు, మళ్లీ నా శబ్దం. దంపుడు దగ్గర రోకళ్లు వంతులు మార్చుకున్నట్టు నడిచింది. తిప్పులు వారికి అంకెలుగా లేవు, సంవత్సరాలుగా ఉన్నాయి. ఏడో తిప్పుకు తన కూతురు షెడ్డు పనికి ఈడొస్తుందని ఒకామె అంది. తొమ్మిదికి తన రిటైర్మెంటని ఇంకొకామె అంది.

“అప్పటికి ఎండీ బాబుక్కూడా అయిపోద్ది,” అంది వెనకాల ఒక గొంతు.

పది తిరిగింది. ఐదు లక్షల డెబ్బై ఆరు వేలు ఇంకా కిటికీల్లో ఉన్నాయి. ఉదయభాస్కర్ మొదటిసారి నా వైపు పరిశీలనగా చూశాడు. బల్ల మీద కూర్చున్నది తన జీతమనీ, దాన్ని ఒక్కొక్క ఏడాదిగా కోస్తున్నారనీ ఆయనకు అప్పుడు తట్టినట్టుంది. శేషావతారం గారూ, ఇక చాలుననుకుంటాను అన్నాడు.

“సలోమీ, ఆపు,” అన్నాడు శేషావతారం.

సలోమికి రిటైర్మెంటు ఎంతో దూరం లేదు. పింఛను కాగితాలు శేషావతారం బల్ల మీదనే ఉన్నాయి. ఆమె చెయ్యి పిడి మీద ఆగింది. నా పళ్లచక్రాలు సగం తిప్పులో ఇరుక్కొని నిలబడ్డాయి. ఆమె తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

“సగంలో ఆపితే లెక్క చెడుతుంది సార్. మళ్లీ ఒకటి నించీ తిప్పాలి.”

మళ్లీ ఒకటి నుంచి అన్న మాటతో శేషావతారం వెనక్కి తగ్గాడు. పదకొండు పూర్తయింది.

ఆ తరువాత గది తీరు మారింది. హాస్యాలు ఆగిపోయాయి. ఆడవాళ్లు ఒకే గొంతుతో, తొందర లేకుండా, ప్రతి సంవత్సరాన్నీ పేరు పెట్టి పిలిచినట్టు పిలిచారు. ఇరవై దగ్గర లక్షా తొంభై రెండు వేలు. ఇరవై నాలుగు దగ్గర సరిగ్గా ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందలు, అంటే నోటీసు బోర్డు మీది ఆదా. ఇరవై ఐదో తిప్పుకు కిటికీలన్నీ సున్నాలయ్యాయి.

ఒక మనిషికి ఒక్క ఏడాదిలో పెరిగినది, నూట అరవై మందికి ఇరవై ఐదేళ్ల బెల్లం. నేను చెప్పింది అంతే. ఎవరినీ దొంగ అనలేదు. ఇంతకుముందు తిప్పిన రెండున్నర రూపాయలూ నిజమే, ఈ ఇరవై ఐదేళ్లూ నిజమే. తలకు ఎంత వస్తుందని అడగడం ఒక పద్ధతి. దేనికి సరిపోతుందని అడగడం ఇంకొక పద్ధతి. మొదటిదాన్ని మాత్రమే లెక్క అనీ రెండోదాన్ని గొడవ అనీ పిలవడం మనుషులు పెట్టుకున్న ఏర్పాటు. నా చక్రాల్లో ఆ తేడా లేదు.

“ఇంకోటి తిప్పమ్మా, ఇరవయ్యారో ఏడు ఊరికే పోనేల,” అంది గోడ దగ్గరి గొంతు.

సలోమి, ఎందుకో, తిప్పింది. కిటికీల నిండా తొమ్మిదులు పరుగెత్తాయి, నా గంట మోగింది. అందరూ నవ్వారు. ఉదయభాస్కర్ కూడా నవ్వాడు. అసిరమ్మ నవ్వలేదు.

“లేనిది మనకొద్దు,” అంది. “ఎనక్కి పెట్టీ అమ్మా.”

సలోమి ఒక తిప్పు తిరిగి పెట్టింది. సున్నాలు వచ్చాయి. ఖలీలుల్లా రెండో లెక్కను కూడా రాసుకున్నాడు.

ఉదయభాస్కర్ అప్పుడు మాట్లాడాడు. తన వేతనం నిర్ణయించింది తాను కాదనీ, డైరెక్టర్ల బోర్డు అనీ, బయటి కంపెనీలు ఇంతకు రెండింతలు ఇస్తున్నాయనీ చెప్పాడు. అది కూడా నిజమే అయి ఉంటుంది. బయటి కంపెనీలు షెడ్డు పనికి ఎంత ఇస్తున్నాయో మాత్రం ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అంతా అయ్యాక, తనకు ఇదంతా బాధ కలిగించిందనీ, కాబట్టి ఈ సంవత్సరం బెల్లం ఖర్చు తన సొంత జేబు నుంచి, తన వేతనంలో నుంచే భరిస్తాననీ అన్నాడు. ఔదార్యంగా అన్నాడు. శేషావతారం చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు.

“వద్దు బాబూ,” అంది అసిరమ్మ. “మీ జేబులోంచి ఎడితే మీకు దణ్ణమెట్టాల. షెడ్డు బెల్లానికి ఇన్నాళ్లూ ఎవులికీ దణ్ణమెట్టనేదు.”

జగ్గారావు ఉలిక్కిపడి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. బెల్లం చేతికి అందుతూ ఉండగా ఆమె తోసేసింది. ఆమె వచ్చింది ఆ ఒక్కదాని కోసమేనని గదిలో అందరికీ తెలుసు. ఆమెకు దగ్గు వచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, అది తగ్గేదాకా అందర్నీ ఆగనిచ్చింది.

ఖలీలుల్లా అటువంటి గదుల్లో ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాడు. కాగితం మీద చూపు పెట్టి, ఎండీ గారు ఖర్చు తన వేతనం నుంచే ఇస్తానని అందరి ఎదుటా అన్నారనీ, ఆ మాట చాలా విలువైనదనీ, తాను ముందు రాసుకున్న ‘దయతో’ అన్న ఒక్క పదాన్ని తీసేసి ‘షెడ్డు హక్కుగా’ అని రాస్తే ఇరుపక్షాలకూ పేచీ ఉండకూడదనీ అన్నాడు. ఇచ్చేది ఆయనే, ఎక్కడ నుంచి ఇస్తారో కూడా ఆయనే చెప్పారు. పెరిగిన మొత్తంలో ఇరవై ఐదో వంతు. లెక్క తిప్పే ఉంది.

ఉదయభాస్కర్ మినిట్స్ కాగితాన్ని తన వైపు తిప్పుకొని చదివాడు. ఒప్పుకుంటాను గాని, మినిట్స్‌లో ఆ రెండు లెక్కలూ కొట్టేయాలన్నాడు. అది న్యాయమైన బేరమే అనిపించి జగ్గారావు అసిరమ్మ ముఖం చూశాడు.

“తిప్పింది తిప్పినట్టుండాల,” అంది ఆమె. “అది కొట్టేస్తే వచ్చే ఏడు మళ్లీ బెల్లం కొట్టేస్తారు.”

రెండు పక్షాలూ ఒప్పుకోనిదే తాను కొట్టేయలేనని ఖలీలుల్లా చెప్పాడు. ఇవాళ సంతకాలు పడితే ఈ కాగితం తన ఫైలులో కూర్చుంటుందనీ, పడకపోతే వివాదం ట్రిబ్యునల్‌కు వెళుతుందనీ, అక్కడ మినిట్స్ మొత్తం పైకి చదువుతారనీ, పత్రికలవాళ్లు కూడా వస్తుంటారనీ, బెదిరింపు ఏమాత్రం లేకుండా, బస్సు వేళలు చెబుతున్నట్టు చెప్పాడు.

ఉదయభాస్కర్ కలం తీశాడు.

చివరి పేచీ గడువు మీద వచ్చింది. యాజమాన్యం ఒక సంవత్సరం అంది. ఒప్పందాలకు మామూలు గడువు మూడేళ్లని ఖలీలుల్లా అన్నాడు. తిప్పినవి ఇరవై ఐదు కాబట్టి ఇరవై ఐదేళ్లు రాయాలని జగ్గారావు పట్టుబట్టాడు. ఎవరి అంకె వారు చెప్పారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా నేను చెప్పలేను, ఎందుకంటే ఆ జవాబు అంకె కాదు.

“దుమ్ము ఎన్నాళ్లుంటే అన్నాళ్లు,” అంది అసిరమ్మ. “దుమ్ము తీసీండి, మేం బెల్లం అడగం.”

షెడ్డులో దుమ్ము లాగే యంత్రాలు పెట్టడానికి ఎంతవుతుందో శేషావతారానికి తెలుసు. బెల్లమే రాయమని ఖలీలుల్లాకు సైగ చేశాడు.

ఖలీలుల్లా రాసినదాన్ని పైకి చదివాడు. నార ఏరే షెడ్డులో దుమ్ము ఉన్నంతకాలం, అక్కడ పని చేసే ప్రతి మనిషికి, ప్రతి షిఫ్టులో, ధర పెరిగినా ముక్క తగ్గకుండా, షెడ్డు హక్కుగా బెల్లం ఇవ్వాలి. అందుకు ఖర్చు మేనేజింగ్ డైరెక్టరు వేతనంలో ఈ సంవత్సరం పెరిగిన మొత్తం నుంచి మినహాయించాలి. లెక్కలు రెండూ ఇరుపక్షాల సమక్షంలో తిప్పినవి.

మొదట ఉదయభాస్కర్ సంతకం చేశాడు, వేగంగా, ఒక్క గీతలో. తరువాత శేషావతారం. జగ్గారావు తన పేరు కింద హోదా కూడా రాసుకున్నాడు. అసిరమ్మ ముందుకు ఇంకు ప్యాడ్ జరిపారు. ఆమె దాన్ని పక్కకు నెట్టి కలం అడిగింది. రాత్రిబడిలో నేర్చిన నాలుగు అక్షరాలు, ఒకదాని తరువాత ఒకటి, ప్రతిదాని దగ్గర ఆగి చూసుకుంటూ దించింది. మధ్యలో దగ్గు వస్తే కలం ఎత్తి పట్టుకుంది, కాగితం మీద మరక పడకుండా. అది పూర్తయ్యేదాకా మేనేజింగ్ డైరెక్టరు గారు నిలబడే ఉన్నారు.

ఖలీలుల్లా తన ప్రతిని ఫైలులో పెట్టి నాడా కట్టాడు. కార్మికుల ప్రతి కోసం జగ్గారావు చెయ్యి చాచాడు గాని అసిరమ్మ ముందే తీసుకుంది. ఊది సిరా ఆరబెట్టింది. అంచుకు అంచు కలిపి సగానికి మడిచింది, దాన్ని మళ్లీ సగానికి మడిచింది, గోటితో మడత నొక్కింది. రొంటిన దోపుకొని, పైన చీర సర్దుకొని, ఎవరి సెలవూ అడగకుండా గది దాటి వెళ్లిపోయింది.